చుట్ల లెక్క

మిర్యాలగూడల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుంగ
సైదులు మోటర్ వైండింగ్ షాపు మీది అంతస్తు నాది.
కింది నుంచి కాలిన రాగితీగె వాసన,
కిటికీ చువ్వల మీద రైస్ మిల్లుల పొట్టు,
లోపల, పదకొండేండ్ల కింద నేను రాసిన ‘దఫ్తరు’.
తెలుగు కొట్టుకునే చిన్న సాఫ్ట్‌వేర్.
ఈ వీధి దస్తావేజులన్నీ అండ్లనే పుట్టినయి.

అప్పుడు నాకు తెల్వదు
అక్షరమంటే ఒక్కటి కాదని,
కింద ఒత్తు, మీద గుడి పట్టుకొని
మూటాముల్లెతోని కదులుతదని.
అంచు రాంగనే వరుస తెంపమన్న.
తెంపింది.

బుచ్చమ్మ పేరు ఓ కాగితం అంచున
బుచ్ కాడ ఆగిపోయి
చమ్మ కింది వరుసల పడ్డది.
ఎవరో గుమస్తా కింది వరుస నుంచి ఎత్తి రాసుకున్నడు.
ముప్పై రెండు గుంటల చెల్క
చమ్మ అనే, ఎన్నడూ పుట్టని మనిషి పేరు మీదికి పోయింది.
రెండేండ్లు తిరిగింది ముసలామె.
ఒకనాడు మెట్లెక్కి నా దగ్గరికే వచ్చి
"బిడ్డా, నా పేరు ఇరగ్గొట్టింది ఈ డబ్బానేనా?" అనడిగింది.
నీళ్ళు తాగుతవా అమ్మా, అన్న.
అదొక్కటే నోటికొచ్చింది.

ఆ రాత్రి మొదలువెట్టిన.
మీద మెనూ అదే, సేవ్ బటన్ ఉన్న కాడనే.
కింద ఇంజన్ మాత్రం మొత్తం తీసెయ్యాలె.

"బాడీ మంచిగుంటే పారెయ్యొద్దు సారూ" అన్నడు సైదులు,
కాళ్ళ నడుమ ఓ బోరు మోటరును ఒత్తిపట్టి.
"పాత తీగె గుంజేముందు చుట్ల లెక్క రాసుకో.
ఎన్ని చుట్లున్నయో తెల్వకుంట గుంజితే
ఇగ ఆ మోటర్ నీది కాదు."

నేను రాసుకోలే.

కొత్త ఇంజన్ ఏదీ చెరపదు.
మొదటి రాత ఎట్లున్నది అట్లనే ఉంటది,
కొత్తగ కొట్టినవన్నీ ఇంకో పుస్తకంల చేరుతయి,
ఏ ముక్క ఎక్కడిదో చెప్పే
జాబితా ఒక్కటే మారుతుంటది.
అంజద్ మియాకు చెప్తే నవ్విండు,
నలభై ఏండ్ల దస్తావేజు లేఖరి.
"మా ఉస్తాద్ చేసింది గిదే గద.
కొట్టేసిన మాట గూడ చదవొచ్చేటట్టు కొట్టాలె.
ఆఖర్ల రాయాలె, కొట్టివేతలు మూడు, దిద్దుబాట్లు రెండు అని.
చెరిపితే కేసయితది.
కొట్టేస్తే పక్కన సంతకం చాలు."

ఎనిమిది నెలలు.
సగం పాతది, సగం కొత్తది నడిచిన రోజులల్ల
కర్సర్ ఓ ఒత్తు లోపల ఇరుక్కొని
బాయిల పడ్డ టార్చిలైటు లెక్క మిణుకుతుండె.

ముందుగాల అంజద్ మియాకే ఇచ్చిన.
గంటకు పైకొచ్చిండు.
"ఒక్కపారి వెనక్కి కొడితే అక్షరం మొత్తం పోతున్నది.
పాతదాంట్ల ఒత్తు ఒక్కటే పోయేది.
నా వేలు గట్లనే నేర్సింది."
అది తప్పు మియా, నేను దిద్దిన, అందామనుకున్న.
పదకొండేండ్లు ఓ మనిషి వేలును
తప్పుల నడిపించినోణ్ని నేనే.
ఇదే కావొచ్చు సైదులు చెప్పిన లెక్క.
ఆ తప్పును మళ్ళ కూసొని చుట్టిన,
కొత్త ఇంజన్ల, ఒక్కొక్క చుట్టే.

నిన్న బుచ్చమ్మ పాత ఫైలు తెరిచిన.
అంచు కాడికొచ్చి పేరు
ఇరగలే.
ఒత్తులన్నీ చంకకెత్తుకొని
మొత్తం బుచ్చమ్మ కింది వరుసకు దిగింది.
పై వరుస చివర
ఒక మనిషి పట్టేంత ఖాళీ.

ఆఫీసుల కాగితం మారలే.
చమ్మ ఇంకా అండ్లనే ఉన్నది,
చెల్కకు హక్కుదారుగ.
కింద సైదులు ఓ మోటరుకు కరెంటిచ్చి
చెవి ఆనిచ్చి ఇంటున్నడు.
ప్రింటు తీసిన కాగితం మడత పడకుంట పట్టుకొని
మెట్లు దిగుతున్న.
దామరచర్ల బస్సు ఆరింటికి.